లోపలి అద్దకం

నూలుకు రంగు వేయడం నేర్చినవారు ఎందరైనా దొరుకుతారు. ఎదుట పెట్టిన రంగును చూసి, సరిగా అదే రంగును మళ్లీ పుట్టించగలవారు మాత్రం అరుదు. కాలువగట్టు మీది అద్దకపు కార్ఖానాలో ఆ రెండవ విద్య ఒక్క మనిషి చేతిలో ఉండేది. ఆమెను అందరూ మేస్త్రక్క అనేవారు. వయసులో ఆమెకంటె ఎంతో పెద్దవాడైన యజమాని సైతం అదే పిలుపు అందుకున్నాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడేది కాదు.

రేకుల కప్పు కింద పొడుగాటి సాల. ఒక పక్కన వరుసగా సిమెంటు తొట్లు, వాటి మీద ఆవిరి, ఆవిరిలో కర్రలకు వేలాడుతూ మునిగి తేలే చిలపలు, అంటే నూలు కట్టలు. నేల మీది కాలువలో ఒకసారి ఎర్రనీరు, ఒకసారి నీలినీరు, రెండూ కలిసిన చోట పేరు లేని మరో నీరు పారుతుండేది. ఉత్తరపు గోడకు ఒక చిన్న కిటికీ ఉంది. అక్కడ నిలబడే హక్కు మేస్త్రక్కది. సూర్యుడు ఏ మూలకు తిరిగినా ఆ కిటికీలోని వెలుగు పెద్దగా మారదు కనుక నమూనా ముక్కను అక్కడే చూడాలి. తడినూలు ముదురుగా కనబడి మోసం చేస్తుంది కనుక, చిలపలోంచి ఒక పోగు లాగి, ఆవిరి గొట్టానికి ఆనించి ఆరబెట్టి, నమూనా పక్కన పెట్టి, తల కొంచెం వంచి చూసేది. ఇంకా పసుపు అడుగుతోందనో, ఎరుపు పొగరుగా ఉందనో చెప్పేది. ఏమీ అనకుండా చిలపను కర్ర మీద వేసిందంటే కుదిరినట్లు.

ఆమెకు మరొక అలవాటు ఉంది. రంగునీళ్లలో ఉప్పు మోతాదు తగ్గితే రంగు నీళ్లలోనే కూర్చుంటుంది, నూలుకు ఎక్కదు. ఉప్పును తూచి వేయడం ఇతరుల పద్ధతి. ఆమె చిటికెనవేలు ముంచి నాలుకకు రాసుకుని, ఉమ్మివేసి, ఇంత వేయండని చెప్పేది. పాతకాలపు అద్దకంవారి విద్య అది. మంచి అలవాటని నేను అనను, కాని ఆ నాలుక లెక్క తప్పినట్లు ఎవరూ చెప్పగా వినలేదు.

ఇంతటి మనిషికి ఏడాది పాటు తెలియని రంగు ఒకటి ఉంది. అది ఆమె ఒంటి మీదిదే. దీపం కింద చీకటి అన్నట్లు, ఆ రంగును రోజూ చూస్తూనే ఆమె పొరబడింది. ఆ పొరపాటు ఆమె ప్రాణాన్ని అంచు దాకా తీసుకుపోయింది.

మొదట అరచేతి గీతలు నల్లబడ్డాయి, ఎవరో సన్నని కలంతో దిద్దినట్లు. తరువాత వేళ్ల కణుపులు, మోచేతులు. అద్దకంలో పనిచేసేవారి చేతులకు రంగు అంటడం వింత కాదు. సాయంత్రం కడుక్కోవడానికి బ్లీచింగు నీళ్ల తొట్టి వేరుగా ఉండనే ఉంది. అందరి చేతులూ అందులో తేటపడేవి. ఆమెవి మాత్రం తేటపడలేదు. మీ చేతులు మునిగితే కదా రంగు అంటడానికని ఆమె తోటివారిని ఎత్తిపొడిచింది. తప్పంతా కొత్తగా తెప్పిస్తున్న నల్లరంగుదేనని, అది నూలును వదిలి చర్మాన్ని పట్టుకుంటోందని తీర్మానించి, యజమానితో చెప్పి దాన్ని మాన్పించింది. రంగుల వ్యాపారి ఉడుక్కుని స్వయంగా కార్ఖానాకు వచ్చాడు. చొక్కా చేయి పైకి మడిచి, నల్లతొట్టిలో మణికట్టు దాకా ముంచి, సబ్బుతో కడిగి, తెల్లగా తేలిన చేతిని అందరి ముందూ ఆడించాడు.

మేస్త్రక్క ఆ చేతిని కిటికీ దగ్గరకు తిప్పి చూసి, "వ్యాపారి చేయి కదండీ, దాని మీద ఏదీ నిలవదు" అంది.

సాలంతా నవ్వింది. వ్యాపారి వెళ్లిపోయాడు. కళ్లెదుట నిలిచిన సాక్ష్యం కూడా అతనితో పాటే వెళ్లిపోయింది.

నీరసం అప్పటికే మొదలైంది. వంగి లేస్తే కళ్లు చీకట్లు కమ్మేవి. జాకెట్లు వదులయ్యాయి. ఉప్పు మీద యావ పుట్టింది. కంచం అంచున వేసుకున్న ఉప్పు చాలక, మళ్లీ మళ్లీ డబ్బా అందుకునేది. అత్తగారు చూసి చూసి, అమ్మాయ్, నువ్వు తింటున్నది అన్నమా, ఉప్పా అని అడిగింది. రోజంతా ఆవిరిలో నిలబడితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావద్దా అత్తయ్యా అని కోడలు బదులు చెప్పింది. ఆ మాటలో తప్పేముంది? ఒంట్లో కలిగిన ప్రతి మార్పుకూ ఆమె పనిలో ఒక కారణం సిద్ధంగా ఉంది. నలుపుకు నల్లరంగు, ఉప్పుకు చెమట, నీరసానికి ఆవిరి. అన్నీ నమ్మదగినవే. అన్నీ అబద్ధమే.

భర్త బస్సు డ్రైవరు. డాక్టరుకు చూపించుకుందామని అతడు పోరుపెట్టని వారం లేదు. చేతిలో ఉన్న పచ్చరంగు పని ముగిశాకనని ఆమె, ఆ తరువాత నీలిరంగు పని ముగిశాకనని మళ్లీ ఆమె. నీకంటె నా బస్సు నయమే, ఆగిపోయే ముందు రెండు దగ్గులైనా దగ్గుతుంది అని అతడు విసుక్కునేవాడు.

ఆ చలికాలం కార్ఖానాలో జ్వరం ఒకటి అందరినీ చుట్టింది. తోటివారు దుప్పటి ముసుగేసి పడుకుని, చెమటలు పోసి, లేచి వచ్చారు. మేస్త్రక్క లేవలేదు. వాంతులు పట్టుకున్నాయి, మాట తడబడింది, పిలిస్తే పలకడం ఆలస్యమైంది. డ్రైవరు ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చేసరికి, నర్సు మణికట్టు పట్టుకుని నాడి కోసం చాలాసేపు వెతకవలసి వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ మాట తక్కువ మనిషి. రక్తపోటు చూసి, జ్వరం చూసి, ఇంత చిన్న జ్వరానికి ఇంతగా కుంగడమేమిటని ఆగిపోయింది. అరచేయి విప్పింది. గీతలను స్పిరిటు దూదితో గట్టిగా తుడిచింది. దూది తెల్లగానే ఉంది.

"అది అద్దకపు రంగమ్మా, పోదు" అని వెనుక నుంచి అత్తగారు అంది.

డాక్టరమ్మ పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. వాటి మీదా నల్లని మచ్చలు. సగం మూసిన కళ్లతోనే మేస్త్రక్క, తొట్టి రుచి చూస్తుంటానని గొణిగింది. ఆ స్థితిలోనూ ఆమె దగ్గర సమాధానం ఉంది.

డాక్టరమ్మ ఆమె చీర కొంచెం పక్కకు తొలగించి పొట్ట చూసింది. కిందటేడు అపెండిక్సు ఆపరేషను చేసిన చోట గాటు ముదురు గోధుమరంగులో గీతలా ఉంది. చిన్ననాడు పడి చీరుకుపోయిన మోకాలి మచ్చ మాత్రం తెల్లగానే ఉంది. పాతది తెలుపు, కొత్తది నలుపు.

"ఇక్కడికి రంగునీళ్లు ఎలా వచ్చాయమ్మా?" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ రక్తం తీయించి పరీక్షకు పంపింది. వెంటనే ఉప్పునీటి సీసా ఎక్కించమని, ఒక సూదిమందు ఇవ్వమని నర్సుకు చెప్పింది. పరీక్ష ఫలితం రానివ్వరా అని డ్రైవరు భయం భయంగా అడిగాడు. "ఫలితం వచ్చేదాకా మనం ఆగొచ్చు, ఈవిడ ఆగదు" అని ఆమె పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయింది.

తరువాత జరిగినదాన్ని డ్రైవరు నాకు పలుమార్లు చెప్పాడు. ప్రతిసారీ అతని గొంతు మొదటిసారి చెబుతున్నట్లే ఉండేది. కాళ్లు చల్లబడి, ముక్కు వాడిదేరి, ఇక లేదనుకున్న మనిషి ముఖంలోకి కొంచెం కొంచెంగా జీవం వచ్చింది. పెదవులు తడి అయ్యాయి. శ్వాస లోతు పడింది. సీసాడు ఉప్పునీళ్లతో, చిన్న సీసాలోని పొడి మందుతో ఇది జరిగిందని చెబితే తానే నమ్మేవాడు కాదట. మధ్యాహ్నం తిరిగేసరికి ఆమె కళ్లు తెరిచి, ఎదురుగా వేలాడుతున్న తెరను నిదానించి చూసి, "ఇది పచ్చ కాదు. ఎవడో పసుపు ఎక్కువ వేశాడు" అంది. డ్రైవరు వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఫలితాలు వచ్చిన తరువాత డాక్టరమ్మ ఒక స్టూలు లాక్కుని కూర్చుని, మాట తక్కువ మనిషి అయినా, చాలాసేపు మాట్లాడింది. మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్లు చెరొక చిన్న గ్రంథి ఉంటుందట. వాటికి గొట్టాలు లేవు, కాలువలు లేవు. తమ సరుకును నేరుగా రక్తంలోకే వదులుతాయి. ఆ గ్రంథి నడిమి గుజ్జు భయం తగలగానే గుండెను దౌడు తీయిస్తుంది. పై తొక్క చేసేది నెమ్మది పని: ఉప్పును ఒంట్లో నిలిపి ఉంచడం, రక్తనాళాలకు పట్టు ఇవ్వడం, ఆకలివేళ రక్తంలో చక్కెర పడిపోకుండా చూడడం. జ్వరమో గాయమో దుఃఖమో వచ్చినప్పుడు ఆ తొక్క తన సరుకును రెట్టింపు చేస్తుంది, మూడింతలు చేస్తుంది, ఆపద గడవగానే మళ్లీ తగ్గించేస్తుంది. తెల్లవారబోతుండగా, మనం కళ్లు తెరవక ముందే, లేవడానికి కావలసినంత పోసి సిద్ధంగా ఉంచుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ గ్రంథి అడగకుండానే పెడుతుంది, ఎంత కావాలో అంతే పెడుతుంది, పెట్టినట్లు ఎన్నడూ చెప్పుకోదు.

మేస్త్రక్క విషయంలో ఒంటిని కాపాడవలసిన కావలివాళ్లే దారి తప్పి, సొంత గ్రంథిని శత్రువనుకుని, ఆ తొక్కను కొంచెం కొంచెంగా తినివేశారు. అందుకే తోటివారు దాటేసిన జ్వరాన్ని ఆమె దాటలేకపోయింది. వారి లోపల ఆ సరుకు పోసేవారున్నారు. ఆమె లోపల లేరు.

"మరి ఈ నలుపు?" అని ఆమె అడిగింది. ఆమెకు కావలసింది అదే.

మెదడు అడుగున బఠాణీగింజంత గ్రంథి మరొకటి ఉందని డాక్టరమ్మ చెప్పింది. పోయవయ్యా అని కింది గ్రంథికి కబురు పంపడం దాని పని. ఆ కబురు ఎంత పలుచనిదంటే, కార్ఖానా తొట్లన్నీ నింపి వాటిలో చిటికెడు రంగు కలిపినా, ఆ రంగునీరే ఈ కబురుకంటె చిక్కన. అంత పలుచని మాటను కింది గ్రంథి వింటుంది, లోబడుతుంది. కింది గ్రంథి చచ్చిపోయినప్పుడు పై గ్రంథికి ఆ సంగతి తెలియదు. వినలేదేమోనని గొంతు పెంచుతుంది. ఇంకా పెంచుతుంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు ఊదుతూనే ఉంటుంది.

"ఆ కబురుకూ, చర్మానికి రంగు వేయమని చెప్పే కబురుకూ చుట్టరికం ఉందమ్మా. ఒకే తల్లి పిల్లలు. పెద్దది గట్టిగా అరిస్తే చర్మం తననే పిలిచారనుకుంటుంది."

మేస్త్రక్క తన అరచేతిని ముఖం దగ్గరకు తెచ్చుకుంది. ఎన్నడూ చూడని ఛాయ ముందు ఎలా తల వంచేదో అలాగే వంచి, ఆ గీతలను ఒక్కొక్కటే చూసింది.

"అంటే నా లోపల ఎవరో ఏడాదిగా అరుస్తుంటే, ఆ అరుపు ఇలా పైకి తేలిందన్నమాట" అంది. చేతిని వెలుగు వైపు తిప్పి, "ఎంత సమంగా పట్టిందో చూశారా. నాకు కూడా ఇంత సమంగా పట్టించడం రాదు" అంది.

డాక్టరమ్మ సైతం ఆ చేతినే చూస్తూ కూర్చుందని డ్రైవరు చెప్పాడు. ఆవిడ ఎరిగిన జబ్బే అయినా, ఆ మాటలతో ఎవరూ చెప్పి ఉండరు.

ఇంటికి వచ్చాక కొత్త బతుకు మొదలైంది. పొద్దున లేవగానే ఒక మాత్ర, మధ్యాహ్నం అందులో చిన్న భాగం. ఉప్పును పట్టి ఉంచడానికి వేరే మాత్ర. లోపలి గ్రంథి తనంతట తాను చేసే పనిని ఇక ఆమె తెలివితో చేయాలి. జ్వరం వస్తే రెట్టింపు మింగాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే తొడకు సూదిమందు పొడిచి, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే మనిషి దక్కడు. ఈ మాట డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి, ముగ్గురి చేతా తిరిగి చెప్పించుకుంది.

అత్తగారు ఆ బాధ్యతను భుజాన వేసుకుంది. మాత్రకు ఆమె పెట్టిన పేరు గ్రంథి. పొద్దుటి గ్రంథి మింగావా అమ్మాయ్ అని వీధిలో నలుగురూ వినేలా అడిగేది. కోడలు సిగ్గుపడితే, లోపల ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడు డబ్బాలోకి వచ్చింది గనుక అడగాల్సిందే అనేది. సూది వేయడం డ్రైవరు నేర్చుకున్నాడు. నర్సు చూపించినట్లు పొడిలో నీళ్లు కలిపి, ఆడించి, తలగడకు పొడిచి పొడిచి అభ్యాసం చేశాడు. అత్తగారి తలగడ తడిసి నానిపోయింది. నా తలకాయకు ఈ జన్మలో జ్వరం రాదురా అని ఆవిడ దాన్ని ఎండలో వేసింది.

మేస్త్రక్క తిరిగి కిటికీ దగ్గర నిలబడింది. ముందుగా వ్యాపారిని పిలిపించి, నీ రంగు మంచిదేనయ్యా, నాదే తేడా అని చెప్పుకుంది. మాత్రలు అందుతున్న కొద్దీ పై గ్రంథి అరుపు తగ్గింది. అరచేతి గీతలు నెలనెలకూ తేలికపడ్డాయి. ఆమె ఆ తేలికపడడాన్ని పనిలేని వేళల్లో చూసుకునేది. లోపల ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుతున్నారని తోటివారికి చెప్పేది. వాళ్లు తమ చేతులు కూడా తిప్పి చూసుకునేవారు. ఏమీ కనబడని ఆ చేతుల్లో ఎంత పని జరుగుతోందో తలచుకుని, ఒక్కొక్కసారి చిలపను తిప్పడం మరిచేవారు.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమెకు కడుపు చెడింది. మింగిన మాత్ర బయటకు వచ్చేసింది. కొంతసేపాగి రెట్టింపు మింగితే అదీ నిలవలేదు. డ్రైవరు పొద్దుటి బస్సు దిగి అప్పుడే ఇంట్లో అడుగు పెట్టాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, మాట కూడదీసుకుంటోంది. ముఖం పాలిపోయింది. ఆసుపత్రి బండికి ఫోను చేస్తే, వానలో దారులు మునిగాయి, వస్తుంది గాని ఆలస్యమవుతుందన్నారు.

డ్రైవరు సూదిమందు పెట్టె తెరిచాడు. సీసా మూత విరిచి, పొడిలో నీళ్లు కలిపి, సూదిలోకి ఎక్కించాడు. ఇన్నాళ్లూ తలగడను పొడిచిన చేయి మనిషి తొడ ముందు ఆగిపోయింది. నుదుట చెమట పట్టింది. నోరు పిడచకట్టుకుపోయింది. సూది మొన గాలిలో వణుకుతోంది.

"బస్సు నడిపేవాడివి, సూది పొడవలేవురా?" అంది పక్కనే ఉన్న తల్లి.

"బస్సుకు నొప్పి తెలియదమ్మా."

"అమ్మాయికి మాత్రం తెలుస్తోందా? చూడు."

నిజమే. భార్య కళ్లు మూతపడుతున్నాయి, పిలుపుకు తల మాత్రమే కదులుతోంది. అతడు ఊపిరి బిగబట్టి, నర్సు చూపిన చోట పొడిచి, మందంతా లోపలికి పోయేదాకా నొక్కి, సూది తీశాడు. ఆ తరువాత పక్కనే చతికిలబడ్డాడు. ముగ్గురూ వాన చప్పుడు వింటూ కూర్చున్నారు. చేయడానికి ఇక ఏమీ లేదు. కంటికి కనబడని ఒక మందు కంటికి కనబడని దారుల్లో పోయి తన పని తాను చేసుకోవాలి.

చేసుకుంది. చాలాసేపటికి ఆమె కనురెప్పలు ఎత్తింది. దాహమని అడిగింది. అత్తగారు ఉప్పు వేసిన నీళ్లు చెంచాతో పోస్తే అవి కడుపులో నిలిచాయి. పెదవుల మీదికి మెల్లగా రక్తం వచ్చింది. అప్పుడు ఆమె చూపు భర్త మీద పడింది. అతని చొక్కా వీపు తడిసి ముద్దయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. సిగ్గుపడి వాటిని ఒళ్లో దాచుకోబోయాడు.

"పిరికివాణ్ణే. మూత విరిచేటప్పటి నుంచీ గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆగడం లేదు" అన్నాడు.

"పిరికితనం కాదండీ. ఇటివ్వండి."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. నాడి వేలి కింద దుముకుతోంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరూ కొలవలేదు. తల్లి మాట పడగానే, భార్య కళ్లు మూతపడగానే, ఆ ఒంటి లోపలి గ్రంథి తలుపులు తెరిచింది, కావలసినదంతా పోసింది. ఆ బలంతోనే అతడు సూది పొడవగలిగాడు. తనకు సీసాలో రావలసినది ఇతనికి లోపలే ఊరుతోంది. ఇంతకాలం పక్కనే కూర్చుని, ఇంతటి పనిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

వీధి మలుపులో ఆసుపత్రి బండి చప్పుడు వినబడింది. అత్తగారు గొడుగు తీసుకుని గుమ్మంలోకి వెళ్లింది. డ్రైవరు లేవబోయాడు.

"ఉండండి, వాళ్లు లోపలికి వచ్చేదాకా" అని ఆమె ఆ మణికట్టును వదలలేదు. "నన్ను కాస్త చూడనివ్వండి."